కాటా దగ్గరికి రాని వెలుగు

పోయినేడు కార్తీకమాసంలో ఒడిశాలోని గుణుపురం దగ్గర మా మావయ్యవాళ్ళ ఊరెళ్ళాను. కళ్ళంలో మొక్కజొన్న ఆరుతోంది. పొద్దున్న బరకం విప్పడం, సాయంత్రం మంచు పడకముందే కప్పడం, వారం రోజులుగా ఇంటిల్లిపాదికీ అదే పని, మధ్యలో రెండు రోజులు ముసురు పట్టి ఆరిందంతా మళ్ళీ మెత్తబడింది. ఆ రాత్రి కరెంటు లేదు. నా బ్యాగులో ల్యాబు టార్చి ఒకటుంది, 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతినిచ్చేది, వెలిగించినా మసక ఊదారంగు తప్ప కంటికేమీ ఆనదు. అత్తనడిగి రెండు గుప్పెళ్ళ గింజలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి, చేటలో పరిచి, దాని మీద వేశాను. చేటంతా పాలిపోయిన నీలం. అందులో నాలుగైదు చోట్ల మాత్రం పసుపూ ఆకుపచ్చా కలిసిన చుక్కలు, గుచ్చినట్టు, కళ్ళు తిప్పుకోలేనంత కాంతితో.

"ఇదేటి తల్లీ, గింజలో దీపమెట్టినట్టుంది" అన్నాడు మావయ్య.

ఆ దీపం మంచిది కాదు. గింజ తడిగా, వెచ్చగా ఉంటే దాని మీద ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పెరుగుతుంది. ఆ బూజు వదిలే కోజిక్ ఆమ్లం గింజలోని ఎంజైములతో కలిసి ఇలా మెరిసే పదార్థమవుతుంది. అదే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్నీ తయారుచేస్తుంది. చుక్క మెరిసినంత మాత్రాన విషం ఉందని ఖాయంగా చెప్పలేం, మెరవలేదు కాబట్టి లేదనీ చెప్పలేం. ఉండొచ్చు, చూసుకోండి అనే వరకే అది చెబుతుంది. నేను ఇదంతా చెబితే మావయ్య ఓపిగ్గా విని ఒకే ఒక్క మాటడిగాడు.

"ఐతే ఈ బస్తాలు అమ్మీమంటావా, ఇంటికి ఉంచీమంటావా?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మితే ఇంకెవరో తింటారు, లేదా ఎవరి కోళ్ళో తింటాయి. ఉంచితే మనవళ్ళు తింటారు. ఏడేళ్ళు వెలుగు గురించే చదివాను, అణువంత మోతాదుల్ని పట్టుకునే పద్ధతుల మీద పేపర్లు రాశాను, ఆ చేట ముందు కూర్చుని ఒక రైతుకి ఏం చెయ్యాలో చెప్పలేకపోయాను. ఇది నా ఒక్కదాని లోటైతే ఇంత పొడుగు రాసేదాన్ని కాదు. మా రంగమంతా ఆ చేట దగ్గరికి రాకుండానే ముందుకెళ్ళిపోతోంది. తిండిని కాంతితో పరీక్షించే చదువు ఎక్కడ మొదలవ్వాలి, ఎవరి చేతిలో ముగియాలి అన్నదే నా వాదన.

ముందు నేను చదివేదేమిటో చెబుతాను, ఎందుకంటే అది నిజంగా అందమైన చదువు. కంటికి కనపడే వెలుగులో ఒక్కో అల పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు. తలవెంట్రుక మందం ఇంచుమించు 80 వేల నానోమీటర్లనుకుంటే, దాని అడ్డంలో అలాంటి అలలు వందకి పైగా పడతాయి. ఇప్పుడు ఆ అలకన్నా ఎన్నో రెట్లు చిన్నదైన బంగారు రేణువుని, 20 నానోమీటర్లదాన్ని, ఊహించుకోండి. నిండు బిందె చంకనెత్తుకుని నడుస్తుంటే లోపలి నీళ్ళన్నీ మన అడుగుకి తగ్గట్టు ఒక్కసారే అటూ ఇటూ ఊగుతాయి చూడండి, ఆ రేణువులోని ఎలక్ట్రాన్లు కూడా వెలుగు తాకిడికి అలాగే కలిసికట్టుగా ఊగుతాయి. వాటి ఊపుకి సరిగ్గా సరిపోయేది ఆకుపచ్చ వెలుగు, దాన్ని మింగేస్తాయి. మిగిలిన వెలుగు మనకి ఎర్రగా కనపడుతుంది. అందుకే బంగారం రేణువులు కలిపిన నీళ్ళు పసుపుపచ్చగా ఉండవు, కెంపు రంగులో ఉంటాయి. రేణువులు ఒకదానికొకటి దగ్గరై గుంపుకడితే అదే ద్రవం నీలంలోకి తిరుగుతుంది. మైకేల్ ఫారడే 1857లో ఈ ఎర్ర బంగారాన్ని చేసి చూపించాడు, గుస్తావ్ మీ 1908లో దానికి లెక్క కట్టాడు. ఇప్పటికీ నేను సీసాలో ఆ రంగు తిరిగినప్పుడల్లా ఒక్క క్షణం పని ఆపేసి చూస్తాను.

మన పారాణి కూడా ఈ కథకి చుట్టమే. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. క్షారం తగిలాక పసుపులోని కర్కుమిన్ అణువు ముందు మింగిన రంగు కాక వేరే రంగుని మింగుతుంది కాబట్టి. పెళ్ళికూతురి పాదాలకి రాసే మా అమ్మమ్మకి ఆ అణువు పేరు తెలీదు గానీ, సున్నం ఎంత వేస్తే ఎంత ఎరుపొస్తుందో తెలుసు.

ఇక రామన్ సంగతి. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్, కృష్ణన్ కనిపెట్టింది ఏమిటంటే, పదార్థం మీద పడి చెదిరిన వెలుగులో చాలా చాలా కొద్ది భాగం, ఇంచుమించు కోటిలో ఒక వంతు, రంగు మార్చుకుని బయటికొస్తుంది, ఆ మార్పు ఒక్కో అణువుకి ఒక్కోలా ఉంటుంది, వేలిముద్రలాగ. అంత కొద్ది వెలుగుని పట్టుకోవడం కష్టం. 1974లో ఇంగ్లండులో సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్, ఆయన తోటివాళ్ళు గరుకు చేసిన వెండి మీద పిరిడిన్ అనే పదార్థాన్ని ఉంచి చూస్తే ఆ వేలిముద్ర ఊహించనంత బలంగా వచ్చింది. గరుకు వల్ల ఎక్కువ అణువులు అంటుకోవడమొక్కటే కారణం కాదని, ఆ వెండి దగ్గర రామన్ వెలుగే లక్షల రెట్లు బలపడుతోందని 1977లో వేరే రెండు బృందాలు తేల్చాయి. 1997 నాటికి ఒకే ఒక్క అణువుని చూడగలిగే దాకా వచ్చింది. నా పీహెచ్‌డీ ఆ వంశంలోదే.

అదే 1974, మన దేశంలో. రాజస్థాన్‌లో బాంస్వాడా, గుజరాత్‌లో పంచమహల్ జిల్లాల్లో కోతల కాలంలో వానలు పడ్డాయి. మొక్కజొన్న తడిసి బూజు పట్టింది. అక్కడి ఆదివాసుల ప్రధాన ఆహారం అదే, వేరేది లేదు కాబట్టి అదే తిన్నారు. కామెర్లు, పొట్టలో నీరు. దాదాపు 400 మంది జబ్బుపడ్డారు, వంద మందికి పైగా చనిపోయారు. ఊరి కుక్కలకీ అదే జబ్బొచ్చింది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్ళి, ఆ గింజల్లో అఫ్లటాక్సిన్ ఉందని తేల్చి, మరుసటి ఏడు ప్రపంచానికి చెప్పారు.

ఈ రెండూ ఒకే సంవత్సరమని నాకు పీహెచ్‌డీ మూడో ఏట గానీ తెలీలేదు, అదీ ఎవరూ చెప్పగా కాదు. నా రంగం పుట్టుక కథలో సౌతాంప్టన్ ఉంటుంది, బాంస్వాడా ఉండదు. కానీ ఇవాళ మా రంగంలో రాసే పేపర్ల మొదటి పేరా చూడండి, 'అఫ్లటాక్సిన్ కాలేయ క్యాన్సర్‌కి కారణం, కాబట్టి దాన్ని గుర్తించడం అత్యవసరం' అని ఉంటుంది. ఆ పేరా నేనూ రాశాను. రెండో పేరా నుంచి మనుషులుండరు.

అసలు ఈ విషంలోని రకాలకి బి, జి అనే పేర్లే వెలుగు నుంచి వచ్చాయి. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో కారణం దొరికింది. ఆ విషాన్ని వేరుచేసి అతినీలలోహిత కాంతి కింద పెడితే కొంత నీలంగా, కొంత ఆకుపచ్చగా మెరిసింది. నీలం దానికి బ్లూ అని బి, ఆకుపచ్చ దానికి గ్రీన్ అని జి. బి1 వీటిలో చాలా ప్రమాదకరం. ఉడికించినా పూర్తిగా పోదు. పశువు తింటే పాలల్లోకి వేరే రూపంలో వస్తుంది. ఒక్కసారి ఎక్కువ తింటే బాంస్వాడా. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం తింటే ఎవరికీ తెలియకుండా కాలేయం, అందులోనూ హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి ముప్పు చాలా ఎక్కువ.

మరి మా పేపర్లలో ఏం జరుగుతుంది? శుద్ధమైన అఫ్లటాక్సిన్ చిన్న సీసాలో కొనుక్కొస్తాం. దాన్ని శుభ్రమైన ద్రావకంలో కరిగించి, పలచన చేసి, ఇంకా పలచన చేసి, మేం తయారుచేసిన వెండి రేకు మీద ఒక చుక్క వేసి, ఎంత తక్కువ మోతాదుని పట్టుకోగలిగామో రాస్తాం. ఆ అంకె ముందు వాళ్ళకన్నా తక్కువైతే పేపరు అచ్చవుతుంది. నేను రెండో ఏట ఊరి నుంచి అరకిలో గింజలు తీసుకెళ్ళాను. పిండి చేసి, ఆల్కహాలులో నానబెట్టి, వడకట్టి వేస్తే నా వెండి మీద నూనె, పిండిపదార్థం, పసుపు రంగు అన్నీ వచ్చి కూర్చున్నాయి, అసలు వేలిముద్ర కనపడలేదు. నెలరోజులు టెన్షన్ పడ్డాను. ల్యాబులో ఒక పెద్దాయన, మంచి ఉద్దేశంతోనే, "ఆ గింజలు పక్కన పెట్టమ్మా, రివ్యూయర్లు సవాలక్ష ప్రశ్నలేస్తారు, డిగ్రీ ఆలస్యమవుద్ది" అన్నారు. పక్కన పెట్టాను. ఆ మాట విన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. నూనే పిండే కదా అసలు సమస్య. దాన్ని తీసేశాక మిగిలింది చక్కటి ఫిజిక్సే, మొక్కజొన్న కాదు.

ఇంకో పెద్ద విషయముంది, భౌతికశాస్త్రవేత్తలు దీని మీద మనసు పెట్టరు. క్వింటాలు మొక్కజొన్నలో సుమారు మూడు లక్షల గింజలుంటాయి. బూజు అన్ని గింజలకీ సమానంగా పట్టదు. వేల గింజల్లో ఏ కొన్నింటిలోనో విషమంతా పోగుపడి ఉంటుంది, మిగిలినవి నిక్షేపంగా ఉంటాయి. బస్తా పైనుంచి గుప్పెడు తీసి పరీక్షిస్తే ఏమీ లేదనొచ్చు, అడుగు నుంచి తీస్తే అమ్మో అనొచ్చు. పరీక్షలో వచ్చే తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది పరికరం వల్ల వచ్చేది కాదు, నమూనా తీయడంలో వచ్చేది. అంటే ఒక్క అణువుని చూడగల యంత్రం ఉన్నా, బస్తాలో చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియకపోతే దండగ. బస్తాలో ఎన్ని చోట్ల నుంచి తియ్యాలి, ఎంత తియ్యాలి, ఎంత మెత్తగా విసిరి కలపాలి అన్నది కూడా పరిశోధనే. అది చేసేవాళ్ళు వ్యవసాయం వైపు ఉన్నారు, మేం ఇటు ఉన్నాం, ఇద్దరం ఒక గదిలో కూర్చున్నది నేనైతే చూడలేదు.

నానో బంగారం పల్లెలకి రాదు, అది ఖరీదైన ముచ్చట అని నాతో వాదించేవాళ్ళుంటారు. వచ్చేసింది. కోవిడ్ టెస్టు పట్టీ మీద, గర్భం పరీక్ష పట్టీ మీద వచ్చే ఎర్ర గీత చాలావాటిలో ఈ బంగారు రేణువుల రంగే. అఫ్లటాక్సిన్‌కి కూడా అలాంటి పట్టీలున్నాయి. కాకపోతే వీటిలో తిరకాసు ఏమిటంటే, విషం ఎక్కువుంటే గీత మాయమవుతుంది, లేకపోతే గీత వస్తుంది. గీత కనపడితే ఏదో ఉన్నట్టు అని కోవిడ్ అలవాటు చేసింది, ఇక్కడ తలకిందులు. ఒక్కసారి ఎదురుగా కూర్చుని చూపిస్తే మా అత్తకి పది నిమిషాల్లో అర్థమైంది. కరపత్రం అచ్చేసి పంచితే అర్థమయ్యేది కాదు. ఇలాంటి పనికి మా ల్యాబుల్లో ఎవరూ మార్కులు వెయ్యరు, అది మారాలని నేనడుగుతున్నాను.

పరికరం ఎవరి చేతిలో ఉంది అన్నది దీనికన్నా ముఖ్యం. వడ్లు అమ్మే చోటికి మావయ్యతో వెళ్ళాను. వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు, మొక్కజొన్నకైతే 14, ఇవి ప్రభుత్వ మద్దతు ధరకి కొనేటప్పటి నిబంధనలు. తేమ మీటరు కొనేవాళ్ళ చేతిలో ఉంది. అందులో గుప్పెడు గింజలు పోసి, మీట నొక్కి, తెర తమవైపు తిప్పుకుని చూసి, క్వింటాలుకి ఇన్ని కిలోల తరుగు అన్నారు. ఒడియాలో దీన్ని కట్నీ ఛట్నీ అంటారు, ఈ పక్క జిల్లాల్లో ఆ మాట తెలియని రైతు ఉండడు. మావయ్య మీటరు వైపు చూడను కూడా చూడలేదు. ట్రాక్టరు అద్దె ఎక్కుతోంది, వెనక ఇరవై బళ్ళున్నాయి, ఎంత అంటే అంత.

కొలత అనేది మా ఊళ్ళో ధర కోయడానికి వచ్చే వస్తువు. రేపు నేను ఎంతో కష్టపడి అరచేతిలో పట్టే అఫ్లటాక్సిన్ పరికరం చేసి కాటా దగ్గర పెట్టాననుకోండి, ఏమవుతుంది? ఇంకో తరుగు. బూజు గింజని కొననంటారు, లేదా సగం ధరకి కొని వేరే చోటికి పంపుతారు. తిరిగొచ్చిన బస్తా రైతు ఇంట్లోనే వండుకుంటారు. అంటే మంచి గింజ ఊరు దాటుతుంది, విషపు గింజ ఊళ్ళో మిగులుతుంది. ఈ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అమ్మకానికి ముందే, కళ్ళంలోనే, రైతుకే తెలిస్తే ఇంకో రెండు రోజులు ఆరబెడతాడు, బూజు పట్టిన కంకులు ముందే ఏరేస్తాడు. కాటా దగ్గర తెలిస్తే చేయడానికేమీ మిగలదు. పరికరం అదే, వెలుగూ అదే.

పరీక్ష సరైన చోట పడితే ఎంత మారుతుందో బంగ్లాదేశ్ పసుపు చూపించింది. అక్కడ పసుపు కొమ్ములకి మెరుపు రావడానికి సీసం క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగు పట్టించేవాళ్ళు. అది పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. స్టాన్‌ఫర్డ్ వాళ్ళూ అక్కడి పరిశోధకులూ కలిసి ఆ సీసం ఎక్కడినుంచి వస్తోందో ఊరి నుంచి మిల్లు దాకా, మిల్లు నుంచి బజారు దాకా వెంటాడి పట్టుకున్నారు. అధికారులు చేత్తో పట్టుకునే ఎక్స్‌రే పరికరంతో బజారులోనే, అందరి ముందే కొమ్ములు పరీక్షించారు, జరిమానాలు వేశారు, పేపర్లలో టీవీల్లో చెప్పారు. 2019లో బజారు నమూనాల్లో 47 శాతంలో సీసం ఉంటే, 2021 నాటికి సున్నా. ఆ పరికరంలో కొత్త ఫిజిక్స్ ఏమీ లేదు. పసుపు వెంట నడిచినవాళ్ళున్నారు, అంతే. మా పక్క నియమగిరి కొండల మీద డోంగ్రియా కోందులు పండించే పసుపుని, కంధమాల్ పసుపుని తలచుకున్నప్పుడల్లా ఇది గుర్తొస్తుంది. కంధమాల్ పసుపుకి 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని కొనేవాడికి స్వచ్ఛమైనదని అక్కడికక్కడే చూపించే వీలు పండించినవాళ్ళ చేతిలో ఉంటే, వాళ్ళు బేరమాడే గొంతే మారిపోతుంది.

తిండి గురించి చదివేవాళ్ళకి కూడా నేను చెప్పాల్సింది ఒకటుంది. మా చిన్నప్పుడు ఈ కొండవాలుల్లో చోళ్ళు (రాగులు), సామలు, కందులు కలిపి వేసేవారు. ఇప్పుడు మొక్కజొన్న, పత్తి, నీలగిరి తోటలు. చోడి గింజ ఆరితే చాలు, ఏళ్ళపాటు గాదెలో చెక్కుచెదరకుండా ఉంటుంది. మొక్కజొన్న అలా కాదు, తేమ తగ్గకపోతే వారాల్లో ముక్కిపోతుంది. పైగా కోతలు అక్టోబరులో, తుపాన్లూ అక్టోబరులో. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ముంచేసింది, ఇక్కడ వంశధార ఒడ్డునున్నవాళ్ళకి ఆ వారం చెప్పక్కర్లేదు. పంట మారినప్పుడే ప్రమాదమూ మారింది. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది, నేను దాన్ని మనస్ఫూర్తిగా ఇష్టపడతాను, మా అత్త అంబలి మళ్ళీ కాస్తోంది. కానీ మొక్కజొన్న రేపే పోదు. అది ఉన్నన్నాళ్ళు దాన్ని ఆరబెట్టడానికి సిమెంటు కళ్ళాలు, గాలి దూరని సంచులు, కొలిచే చవక సాధనం, మూడూ కలిపి ఆలోచించాలి.

పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారిని మేం వాడుక భాష కోసం తలచుకుంటాం. నాకు ఆయన మరో పని ఎక్కువ ఇష్టం. సవరల మాట నేర్చుకోవడానికి సవరల దగ్గరే కూర్చున్నాడు, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలో పుస్తకాలు రాశాడు, ఆ తర్వాతే నిఘంటువు. ముందు కూర్చోవడం, తర్వాత రాయడం. మేం ముందే రాసేస్తున్నాం. నా కోరిక చిన్నదే: తిండి పేరు చెప్పి నిధులు తీసుకునే ప్రతి కాంతి ప్రాజెక్టులోనూ ఒక కళ్ళం ఉండాలి, ఒక పంటకాలం మొత్తం, రైతుకి కూలి ఇచ్చి, ఆమె అడిగిన ప్రశ్నని పేపరులో మొదటి ప్రశ్నగా రాసి. నూనె, పిండి, దుమ్ము ఉన్న గింజ మీద పనిచేయలేదని తేలితే అదీ అచ్చెయ్యాలి.

ఆ మర్నాడు పొద్దున్న టార్చి పక్కన పెట్టి వేరే పని చేశాం. ఉప్పు మూకుట్లో వేయించి, చల్లారాక, గాజు సీసాలో మూడో వంతు మొక్కజొన్న పోసి, రెండు పెద్ద చెంచాల ఉప్పేసి, మూత బిగించి నిమిషంసేపు బాగా కుదిపి పావుగంట వదిలేశాం. గింజలో తేమ 15 శాతం దాటితే ఉప్పు గాజుకి అంటుకుంటుంది, లేకపోతే పొడిగా రాలిపోతుంది. కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇదే పనికి ఒక కార్డు చేశారు, కోబాల్ట్ క్లోరైడు పూసిన కాగితం, పొడిగా ఉంటే నీలం, తేమ తగిలితే గులాబి. రంగు మారేది నీటి అణువులు చేరితే కోబాల్టు వేరే వెలుగుని మింగుతుంది కాబట్టే, అంటే అదీ నా చదువే, జేబులో పట్టేంత.

మా సీసాలో ఉప్పు అంటుకుంది. మావయ్య సీసా ఎత్తి వెలుగుకి పెట్టి చూసి, గోరుతో గాజుని గీకినట్టు చూపించి, "ఇంకా రెండ్రోజులు" అన్నాడు. వెనక్కి వెళ్ళి బరకం మూల పట్టుకుని లాగాడు. పక్క కళ్ళంలో ఆరబోస్తున్న సవర ఆవిడ అప్పటిదాకా అటునుంచే చూస్తోంది, ఇప్పుడు వచ్చి సీసా చేతిలోకి తీసుకుని ఒకసారి కుదిపి చూసింది. తర్వాత ఇంటికెళ్ళి ఖాళీ నూనె సీసా ఒకటి తెచ్చి, ఉప్పు ఎంత వెయ్యాలని అత్తని ఒడియాలో అడిగింది. లోపల నూనె జిడ్డు లేకుండా కడిగి ఎండబెట్టాలని అత్త చెప్తోంది.